హంసగుడ్డ ఏ పక్కన ఉంది

మా మేనత్త చేను పక్కాయన అబద్ధం చెప్పలేదు. అన్నిటికంటే ముందు ఈ మాట రాయాలి. మా బంధువుల్లో పెళ్లికో చావుకో నలుగురు చేరిన ప్రతిచోటా ఈ సంగతి వస్తుంది. ఆయన సర్వే వాళ్ల ముందు అడ్డం తిరిగాడనీ, అందుకే మా అత్త చేను పైభాగం పోయిందనీ అంటారు. నేను అక్కడ ఉంటే కాదని చెబుతాను. "నువ్వు మంచోనివిలేప్పా, అందర్నీ వెనకేసుకొస్తావు" అని నవ్వి, వక్కాకు నములుకుంటూ వేరే మాటలోకి పోతారు. నోటితో ఎన్నిసార్లు చెప్పినా నిలవడం లేదు. మా అత్తకు చదువు లేదు. పక్కాయనకు సంతకం వరకే వచ్చు. ముగ్గురిలో రాయగలిగినవాడిని నేనే, జరిగినదానికి కారణమూ నేనే. అందుకని దీన్ని కాగితం మీద పెడుతున్నాను.

నేను బళ్లారి దగ్గర మోకలో ఒక రైస్ మిల్లులో గేటు కాపలా ఉంటాను. లారీ వస్తే గేటు తీయడం, పోతే వేయడం, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీయే నన్ను చదువుకునేలా చేసింది. బడిలో ఏడో తరగతి దాటలేదు, అదీ కన్నడ బడి. తెలుగు మా ఇంటి మాటే అయినా దాని అక్షరాలు నాకు బళ్లారి గ్రంథాలయంలోనే వచ్చాయి. పెళ్లయి పిల్లలు పుట్టాక, పిల్లల బొమ్మల పుస్తకాలు ముందు పెట్టుకొని నేర్చుకున్నాను. సెలవు రోజున మిల్లులో తక్కినవాళ్లు సంతకో సినిమాకో పోతే నేను పొద్దున్నే బస్సెక్కి గ్రంథాలయం తలుపు తీసేసరికి మెట్ల మీద ఉండేవాణ్ణి. అక్కడ పుస్తకాలు చూసుకునే అమ్మ నన్ను చూసి, "వచ్చినావా, ఫ్యాను కింద కుర్చీ నీదే పో" అనేది. ఆ మాటకు నాకు ఎంత గర్వమో చెప్పలేను. కాలేజీ పిల్లలు పరీక్షల గైడ్లు చదువుకుంటుంటే నేను వాళ్ల పక్కన కూర్చొని నదులూ కొండలూ చదివేవాణ్ణి. ఏ నది ఎక్కడ పుడుతుంది, ఏ కొండ ఏ రాయి, ఏ పేరు ఎవరు పెట్టారు అనేవి నాకు ఇష్టమైన విషయాలు. ఎందుకని అడిగితే చెప్పలేను. బహుశా మోకలో కొండలు లేకపోవడం వల్ల కావచ్చు. అక్కడ నాలుగు దిక్కులూ నల్లమట్టి, వరిమడి, పత్తి. కన్ను ఆనుకోవడానికి మిల్లు పొగగొట్టం తప్ప ఏమీ ఉండదు.

కొండలు మా అత్త దగ్గర ఉన్నాయి. మా నాన్నకు చెల్లెలు. తారానగర్ అవతల, కొండ పాదంలో కొన్ని ఇళ్లున్నచోట ఉంటుంది. బళ్లారి నుంచి సండూరు బస్సులో పోతుంటే ముందు దూరాన ఒక నీలం గీత కనబడుతుంది. దగ్గరికి పోయేకొద్దీ ఆ గీత ఎర్రబడుతుంది. ఇనుపరాయి కొండలు. వానాకాలంలో పచ్చగడ్డి కప్పుకొని ఉంటాయి. ఎండాకాలంలో మాత్రం కోసిన చోటల్లా ఎర్రగా బయటపడతాయి. వాటిని బయటివాళ్లు మొత్తంగా సండూరు కొండలు అంటారు. పటంలో చూస్తే రెండు చేతులు చాచి దోసిలి పట్టినట్టుంటాయి. రెండు వరుసలు పక్కపక్కనే పోతాయి, మధ్యలో లోయ. ఆ లోయలోకి ఒక వాగు పైనున్న గండిలోంచి వస్తుంది, కిందున్న గండిలోంచి బయటికి పోతుంది. మేము బళ్లారి వైపు వాళ్లం కాబట్టి ఎప్పుడూ కింది గండి దగ్గర నుంచే లోయలోకి పోతాం. ఆ దారి తప్ప వేరే దారి ఉందని నేను ఆలోచించలేదు. ఈ కథంతా ఆ ఆలోచించకపోవడమే.

పటంలో ఒక్కో శిఖరానికి ఒక్కో పేరుంది. కొండ పాదంలో ఉండేవాళ్లకు ఆ పేర్లతో పని లేదు. మా అత్త అత్తగారి వాళ్లు ఎప్పుడో అనంతపురం వైపు నుంచి రాళ్ల పనికి వచ్చి, పని లేని రోజుల్లో కొండ కింద రాళ్లు ఏరి, కొంచెం కొంచెంగా చేను చేసుకున్నారు. అటువంటి చేలు అక్కడ వరసగా ఉన్నాయి. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరి చేనికి తలాపున ఏ కొండ ఉంటే అది ఆ ఇంటి కోడళ్లకు అత్త. తొలివాన పడి విత్తనం వేసే రోజు ఇంటి కోడలు కొంగు తల మీదికి లాక్కొని, కొండ వైపు తిరిగి, గుప్పెట్లో గింజలు చూపిస్తుంది. "అత్తా, ఇత్తనం ఏస్తాండా, చూసుకో" అంటుంది. ఆ రోజు కొండకు వీపు చూపించరు. కొత్త కోడలు వస్తే చేనికి తీసుకుపోయి, "అదిగో, మీ పెద్దత్త ఆడ కూర్చోనుండాది, దండం పెట్టుకో" అని చూపిస్తారు. కోడలు అత్త పేరు పలకదు కాబట్టి కొండకు పేరుందా లేదా అనే ప్రశ్నే అక్కడ రాదు. "పెద్దత్త" అంటే చాలు. ఏ ఇంటి ఆడమనిషి అంటోందో చూస్తే ఏ కొండో తెలిసిపోతుంది.

నేను అది చూసి నవ్వేవాణ్ణి. మా అత్త కూడా నవ్వేది. "నీకేమప్పా, మగోనివి. మా అత్త బతికున్నప్పుడు ఇంట్లో ఒకత్త, చేన్లో ఒకత్త. చేన్లో అత్తే నయము, నోరు లేదు" అనేది.

నేను గ్రంథాలయంలో చదివినవన్నీ పోయినప్పుడల్లా ఆమెకు చెప్పేవాణ్ణి. మిల్లులో వినేవాళ్లు లేరు. ఇంట్లో మొదలుపెడితే నా భార్య టీవీ శబ్దం పెంచేది. మా అత్త మాత్రం రొట్టె తడుతూ, పిండి చేతులు అలాగే ఆపి, "ఊఁ, ఆమైన?" అని వినేది. ఆమెకు అర్థమయ్యేదా అంటే, సగం. మా అల్లుడు పుస్తకాలు చదివినోడు అని వీధి మొత్తం చెప్పుకోవడం మాత్రం పూర్తిగా వచ్చు. ఎవరికైనా ఆధార్ కాగితంలో తప్పు పడితే, "మా అల్లుడు ఆయితారం వస్తాడు, చూపించు" అనేది. నేనూ దానికి అలవాటు పడ్డాను. బస్సు దిగి ఆ వీధిలో నడిచేటప్పుడు నా నడక మారేది.

ఒకరోజు గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన ఒక పాత కన్నడ పుస్తకం దొరికింది. ఎవరో ఈ జిల్లా అంతా తిరిగి రాసినది. సండూరు లోయ గురించి రాసిన పేజీలో, గండి దాటి లోయలో అడుగుపెట్టగానే కుడిచేతి పక్కన వచ్చే మొదటి పెద్ద కొండను హంసగుడ్డ అంటారని ఉంది. కన్నడంలో గుడ్డ అంటే కొండ. నేను కళ్లు మూసుకొని మనసులోనే బస్సులో కూర్చున్నాను. గండి దాటాను. కుడిచేతి పక్కన చూశాను. అక్కడ మా అత్త చేను, దాని తలాపున పెద్దత్త. ఇన్నాళ్లూ పేరు లేకుండా ఉన్న కొండకు పేరు దొరికింది, అదీ నా చేతికి. ఆ పేజీ జిరాక్సు తీయించుకొని మడిచి జేబులో పెట్టుకొని, ఆ సెలవుకే పోయాను.

"అత్తా, మీ పెద్దత్తకు పేరుండాది" అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టి చూసింది. "ఏం పేరప్పా?"

"హంసగుడ్డ."

"హంసంటే పక్షి గదా?"

"అవును. తెల్లగా ఉంటుంది, నీళ్ల మీద."

"ఏంది అల్లుడా, మా అత్త ఎర్రగా బర్రె మాదిరి కూర్చోనుంటే హంస యాడ్నుంచి వచ్చె?" అని కడుపు పట్టుకొని నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపి, కొంగు సర్దుకొని, "అయినా పుస్తకంలో రాసినారంటే ఎవరో చూసే రాసింటారు. ఏదీ, ఇంగోసారి చెప్పు" అంది. నేను చెప్పాను. ఆమె పలికింది. పైకి చూసి, కొండకు వినబడుతుందేమో అన్నట్టు గొంతు తగ్గించి మళ్లీ పలికింది. సాయంత్రం నేను బస్సుకు బయల్దేరేసరికి వీధిలో ఇద్దరు ముగ్గురికి చెప్పేసింది. వాళ్లు నన్ను చూసి, "మా అత్తకు గూడా ఓ పేరు చూడప్పా, నెమలో చిలకో" అన్నారు. అదో ఆటగా ఉంది అందరికీ. కోడలు పలకకూడని పేరును ఆమె చేత పలికించానని నాకు ఆ రోజు తోచలేదు. ఆమెకు తోచిందేమో. తోచినా నా కోసం పలికి ఉంటుంది.

ఆ తర్వాత బగర్ హుకుం అర్జీలు వచ్చాయి. సర్కారు నేలను అనుమతి లేకుండా చాలా కాలంగా దున్నుకుంటున్నవాళ్లు దాన్ని తమ పేరున చేయమని అడుక్కునే అర్జీ అది. మా అత్తకు ఆ చేను తప్ప ఏమీ లేదు. భర్త పోయాక జొన్నా కందీ దాంట్లోనే వేసుకుంటోంది. పట్టా వస్తే తన తర్వాత కొడుక్కి ఆధారం ఉంటుంది, రాకపోతే ఎవరు ఎప్పుడు లేపేసినా అడగడానికి లేదు. అర్జీలో చేనికి నాలుగు పక్కలా ఏముందో రాయాలి. పడమర బండ్ల బాట. ఉత్తరాన ఒక చేను. దక్షిణాన పక్కాయన చేను. తూర్పున కొండ. ఆ వరసలో చేలున్నవాళ్లందరూ పడమర అని రాసి, దాని ఎదురుగా "గుడ్డ" అని రాయించుకున్నారు. మా అత్త అర్జీ నేను రాశాను. నేను "హంసగుడ్డ" అని రాశాను. ఆ పదం రాసేటప్పుడు నా అక్షరాలు మిగతావాటికంటే గుండ్రంగా వచ్చాయి.

సర్వే వాళ్లు చూడటానికి వచ్చే రోజున నన్ను కూడా రమ్మని మా అత్త ఫోన్ చేయించింది. మిల్లులో సెలవు అడిగి పోయాను. సర్వేయరు, ఆయన వెంట రెవెన్యూ ఆఫీసు మనిషి వచ్చారు. సర్వేయరు కుర్రవాడే, ఎండకు కర్చీఫు మెడకు చుట్టుకొని, చేతిలో టాబ్ పట్టుకొని ఉన్నాడు. పక్కాయన సాక్షిగా వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. ఆయనకూ మా అత్తకూ ఆ నాటికి ఒక్క మాట తేడా లేదు. ఆయన ఎద్దులతోనే మా అత్త చేను దున్నేవాళ్లు.

సర్వేయరు అర్జీ చూసి, కొండ వైపు చెయ్యి చూపించి, "ఈ గుడ్డద హెసరేనమ్మా?" అని దాని పేరు అడిగాడు.

మా అత్త నా వైపు ఒకసారి చూసింది. బడిపిల్ల పాఠం చెప్పినట్టు నిటారుగా నిలబడి, "హంసగుడ్డ సార్" అంది.

ఆయన టాబ్‌లో వేళ్లతో జరిపి జరిపి చూశాడు. "హంసగుడ్డ ఇల్లి ఇల్లమ్మా, ఇక్కడ లేదు. అది ఆచే కడె, మేలిన గండి హత్తిర. అవతలి పక్క, పై గండి దగ్గర. అక్కడంతా ఫారెస్టు. నీ చేను అక్కడుంటే ఇక్కడెందుకు చూపిస్తాండావు?" అన్నాడు. ఆయనకు అనుమానం వచ్చింది. ఒకరి చేను చూపించి ఇంకొకరి పేరున రాయించుకునేవాళ్లు ఉంటారు కదా, ఆయన తప్పేమీ లేదు. పక్కాయన వైపు తిరిగి, "ఏమప్పా, ఇది హంసగుడ్డేనా?" అని అడిగాడు.

"కాదు సార్" అన్నాడు ఆయన. "హంసగుడ్డ మా బిడ్డనిచ్చినూరి కాడ ఉండాది. అది ఆ పక్క వరస."

"అంటే ఈమె చేను హంసగుడ్డ కింద లేదు?"

"లేదు సార్. ఈమె చేను..."

ఆయన మాట పూర్తి కాలేదు. మా అత్త అందుకుంది. "ఏమిరా, నీకేం తెలుసు? నీ బిడ్డనిచ్చినోళ్లు చెప్పినారా? మా అల్లుడు పుస్తకంలో చూసినాడు, బళ్లారి పుస్తకంలో! నా చేను పక్కన నిలబడుకోని, కొండ ముందర, అబద్ధం చెప్తాండావా?"

"నేనేం అబద్ధం చెప్పినాను వదినా?"

"చెప్పలేదా? హంసగుడ్డ కాదన్లేదా నువ్వు?"

ఆ సమయంలో నేను చేయవలసిన పని ఒకటే. ఇద్దరినీ ఆపి, "పేరు పోనీ సార్, ఈ చేను ఈమెదా కాదా అది అడగండి" అనాలి. పక్కాయన "ఈమె చేను" అని మొదలుపెట్టి ఆగిపోయిన మాట "ఇదే" అని పూర్తయ్యేది. నేను ఏం చేశానంటే, జేబులోంచి జిరాక్సు తీశాను. సర్వేయరు ముందు దాన్ని విప్పి, ఎండలో, కన్నడంలో, ఆ పేజీ మొత్తం చదివి వినిపించాను. లోయ ఎట్లా ఏర్పడింది, వాగు ఎక్కడ వస్తుంది, రాయి ఏ రంగు, అన్నీ. మీ టాబ్‌లో తప్పు పడి ఉంటుందని ఆయనకు నచ్చజెప్పాను. పేర్లు రాసుకునేటప్పుడు సర్వే వాళ్లు అటుది ఇటు చేసిన సంగతులు ఇంకా చదివానని చెప్పాను. సర్వేయరు మర్యాదగా విన్నాడు. నేను తల ఎత్తి చూసేసరికి గట్టు మీద పక్కాయన లేడు. తువ్వాలు భుజాన వేసుకొని బండ్ల బాట వెంట వెళ్లిపోతున్నాడు. మా అత్త మొహం వెలిగిపోతోంది. "చెప్పినావప్పా, బాగా చెప్పినావు" అంది.

సాక్షి సంతకం లేకుండా కాగితం పోయింది. కొంతకాలానికి అర్జీదారు చూపించిన స్థలం, రాసిన హద్దులతో కలవడం లేదని, రాసిన హద్దు అడవిలో ఉందని, అర్జీ తోసిపుచ్చుతున్నామని వచ్చింది. అభ్యంతరం ఉంటే మళ్లీ అడగవచ్చనీ ఉంది.

అప్పుడు కూడా నేను నమ్మలేదు. సర్వే వాళ్ల తప్పును రుజువు చేద్దామని గ్రంథాలయానికి పోయి ఆ పుస్తకం మళ్లీ తీయించుకున్నాను. ఈసారి ఆ పేజీకి ముందు పేజీ, దానికి ముందు పేజీ చదివాను. రాసినాయన బళ్లారి వైపు నుంచి రాలేదు. ఆయన పడమటి నుంచి, వాగు వెంట, పై గండిలోంచి లోయలోకి దిగాడు. ఆయన కుడిచెయ్యి అవతలి వరస మీద ఉంది, లోయ ఆ చివర. నా కుడిచెయ్యి ఇవతలి వరస మీద, ఈ చివర. నేను ఆయన కళ్లతో చదవకుండా నా బస్సు కిటికీలోంచి చదివాను. ఫ్యాను కింద కుర్చీలో కూర్చొని ఆ పేజీలే ముందుకూ వెనక్కూ తిప్పాను. పుస్తకాలమ్మ వచ్చి, "ఏమైందప్పా, నీళ్లు తాగుతావా?" అంది. ఆమెకు చెప్పాను. ఆమె పేజీ చూసి, "ముందుది చదవకుండా ఇదొక్కటే జిరాక్సు తీసుకున్నావా?" అంది. అడిగిందే కానీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ సెలవుకు పోయి మా అత్తకు చెప్పాను. తప్పు నాది, పుస్తకం సరిగ్గానే ఉంది, పక్కాయన చెప్పింది నిజం, హంసగుడ్డ ఆ పక్కనే ఉంది అని. ఆమె విన్నది. పొయ్యిలో కట్టె ఎగదోసింది. "నువ్వు అట్లనే అంటావు. వాడితో నాకు కొట్లాట వద్దని అంటాండావు" అంది.

"కాదత్తా. నేనే కుడి ఎడమలు తప్పు చదివినాను."

"నువ్వు? తప్పు చదివినావా?" అని నవ్వేసింది. "ఇన్నేండ్లు చదివినోనివి. నాకు తెల్దా నీ సంగతి?"

నా మాట నమ్మమని బతిమాలాను. ఇంతకాలం నేను చెప్పిన ప్రతి అక్షరాన్నీ నమ్మిన మనిషి, నేను తప్పు చేశానన్న ఈ ఒక్క మాటనే నమ్మడం లేదు. దానికి పునాది వేసింది కూడా నేనే. ఆ వీధిలో మారిన నా నడకే.

మా వాళ్లకు క్షమించమని అడగడం నోటికి రాదు. తప్పు చేసినవాళ్లు అవతలివాళ్ల గడప తొక్కి ఏదో ఒక వస్తువు అడుగుతారు. జల్లెడో, తాడో, కొడవలో. అడిగితే దిగివచ్చినట్టు, ఇస్తే మనసులో ఏమీ పెట్టుకోనట్టు. ఆ వస్తువుతో పని ఉందా లేదా అని ఎవరూ అడగరు. నాకు వేరే దారి కనబడక, "అత్తా, మీ జల్లెడ ఒకసారి ఇస్తావా?" అన్నాను.

ఆమె చేతిలో ఊదుగొట్టం ఆగింది. అర్థమైంది. "యాల? మోకలో మిల్లే ఉండాది, నీకు జల్లెడేంటికి? నాకాడ నువ్వేం అడగబల్లేదు పో" అని లేచి నీళ్ల బిందె ఎత్తుకొని బయటికి పోయింది. జల్లెడ గోడకు వేలాడుతూనే ఉంది.

అక్కడి నుంచి పక్కాయన ఇంటికి పోయాను. ఆయన గుమ్మంలో మంచం మీద కూర్చొని కందిపుల్లలు కట్టలు కడుతున్నాడు. "రాప్పా పండితా, ఈ పొద్దు ఏ గుడ్డకు పేరు పెడ్తాండావు?" అన్నాడు. ఆయన భార్య లోపలి నుంచి, "మన బర్రెకు గూడా పేరు లేదు, అడుగు" అంది. నేను నిలబడే ఉన్నాను. తప్పు నాదని చెప్పాను. మళ్లీ అర్జీ పెడుతున్నామనీ, ఆయన సాక్షి సంతకం లేకపోతే చేను పోతుందనీ చెప్పాను.

"చేను ఆమెదే, నాకు తెల్దా? చిన్నప్పటి నుంచి ఆ గట్టు మీదనే పొర్లినాను" అన్నాడు. కట్ట ముడి బిగించాడు. "అయితే నీతో నాకేం లేదప్పా. నువ్వు యాడ్నో మోకలో ఉంటావు. ఆమె నన్ను కొండ ముందర అబద్ధాలోడన్నాది. ఆమెనే రానీ."

ఈ మాట నేను మా అత్తకు చెప్పలేకపోయాను. తప్పు చేయని మనిషిని పోయి దిగిరమ్మని ఎట్లా చెప్పాలి? ఊరికే బస్సెక్కి వచ్చేశాను. మిల్లు గేటు దగ్గర కూర్చున్నప్పుడు చదవడానికి పుస్తకం తీస్తే అక్షరాలు నిలబడేవి కావు. ఏ కొండ గురించి చదివినా దాని కింద ఎవరిదో ఒకరి చేను కనబడేది.

మా అత్త కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. ఆమె పక్కాయన ఇంటికి పోయిందట. ఎవరూ పంపలేదు. గుమ్మంలో నిలబడి, "వదినా, మీ గుంటక ఒకసారి ఇస్తారా?" అని ఆయన భార్యను అడిగిందట. అది విత్తనం వేసే కాలం కాదు, చేను చదును చేసే గుంటకతో పనేమీ లేదు. ఆయన లేచి తానే గుంటక భుజాన వేసుకొని మా అత్త ఇంటి దాకా తెచ్చి దించాడట. నా తప్పుకు ఆమె పోయి అడిగింది. నా దగ్గర అడిగించుకోవడానికి ఒప్పుకోని మనిషి, నా బదులు తాను అడిగింది. ఫోన్ పెట్టేశాక గేటు బయట హారన్ కొడుతున్న లారీకి పోయి గేటు తీశాను.

రెండో అర్జీ నేను రాయలేదు. ఆఫీసు ముందు కూర్చునే వాళ్ల చేత రాయించమన్నాను. తూర్పున "గుడ్డ" అని రాశారు. మళ్లీ అదే సర్వేయరు వచ్చాడు. నేను ఆ రోజు పోయాను కానీ బండ్ల బాట మీదే నిలబడ్డాను, చేన్లోకి దిగలేదు. పక్కాయన గట్టు గట్టూ తిరిగి రాళ్లు చూపించాడు. "ఇదంతా మా వదినదే సార్" అని ఆయన గట్టిగా అన్న మాట బాట దాకా వినబడింది. సంతకం పెట్టాడు. సర్వేయరు తిరిగి పోతూ నా దగ్గర ఆగి, "ఈసారి పేపర్ తేలేదా?" అని నవ్వాడు.

పట్టా వచ్చింది. అయితే పూర్తిగా కాదు. మొదటి అర్జీ తోసిపుచ్చాక, హద్దు అడవిలో ఉందని తేలడంతో, చేను పైభాగాన్ని ఫారెస్టు ఆఫీసు వాళ్లతో కలిసి చూసి గుర్తు పెట్టారు. ఆ గుర్తును తరువాత తీయడం కుదరలేదు. కింది భాగమే మా అత్త పేరున అయింది. పైభాగం మంచి నేల. లారీల దుమ్ము అంత ఎత్తుకు రాదు, కంది బాగా కాసేది. వరసలో మిగతా చేలన్నీ కొండ పాదం దాకా వాళ్ల పేర్లనే అయ్యాయి. మా అత్తదొక్కటే మధ్యలో ఆగిపోయింది. ఆ ఖాళీ చూసినవాళ్లు పక్కాయన వల్లే అంటున్నారు, ఎందుకంటే మొదటిసారి ఆయన సంతకం పెట్టకుండా పోవడం చుట్టుపక్కల చేలవాళ్లందరూ చూశారు. ఎందుకు పోయాడో తెలిసినవాళ్లం, సర్వే వాళ్లు కాక, ముగ్గురమే.

మా అత్త వాళ్లతో వాదించదు. పట్టా కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి, వచ్చిన ప్రతివాళ్లకూ చూపిస్తుంది. "మా అల్లుడు చదివినోడు కాబట్టి ఈ మాత్రమైనా నిలబడింది" అంటుంది. నా ముందే అంటుంది. వద్దంటే, "నీకు పొగడ్త పడదు" అంటుంది. అందుకే కాగితం మీద పెట్టాను. ఇక ఆమె ఎవరికి ఏం చెప్పినా, జరిగింది ఇది.

ఈ కాగితంలో ఎవరి పేరూ రాయలేదు. వాళ్లను వాళ్ల వీధిలో పిలిచే పిలుపుతోనే తలుచుకుంటున్నాను. ముందు పేజీలు చదవమని నేర్పిన పుస్తకాలమ్మకు నా కృతజ్ఞతలు. కోపం పెట్టుకోకుండా రెండోసారి ఎండలో వచ్చిన సర్వే సారుకు. అడిగినప్పుడల్లా సెలవు ఇచ్చి, ఎందుకని అడగని మిల్లు మేస్త్రీకి. ఇది రాస్తున్నప్పుడు టీవీ శబ్దం తగ్గించిన నా ఇంటిదానికి. జరిగినవి జరిగినట్టు ఫోన్లో చెప్పిన బావకు. తిట్టవలసిన చోట గుంటక మోసుకొచ్చిన పక్కాయన ఎద్దులన్నకు, లోపలి నుంచి ఎగతాళి చేసినా నాకు మజ్జిగ ఇచ్చిన ఆయన ఇంటామెకు. మా అత్తకు కృతజ్ఞత చెబితే ఆమె తీసుకోదు. పైభాగంలో ఈ ఏడు కంది లేదు, ముళ్లకంపే మొలిచింది. ఆమె రోజూ దాని పక్కనుంచే కిందిచేనికి దిగిపోతోంది.